దూది తీసి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను

"కాన్పయ్యాక వచ్చే డిప్రెషన్‌కి ఫోన్‌లో కౌన్సెలింగ్ పనిచేస్తుందా, ఎదురుగా కూర్చుంటేనే మంచిదా?" అని ఒకరు నన్ను అడిగారు. ఎదురుగా కూర్చోవాలంటే మా చీపురుపల్లి పక్క ఊరి నుంచి విశాఖ వెళ్లాలి. మూడో నెల వచ్చేదాకా గుమ్మం దాటనివ్వని మా అమ్మ విశాఖ పంపుతుందా?

కాన్పయిన కొత్తలో ఏడుపు చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో పోతుంది. నాది పోలేదు. పాప గుక్కపెట్టినా ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు చూస్తూ ఉండేదాన్ని. హైదరాబాద్ నుంచి మా ఆయనే 14416కి చేయమన్నాడు. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో పెట్టారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ తర్వాత వారం వారం ఫోన్‌లో మాట్లాడడానికి విశాఖలో ఒక కౌన్సెలర్ మేడమ్‌ని కుదిర్చాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆవిడ మొదటి రోజే సూటిగా అడిగారు. అలా అనిపించేవాళ్లు ఫోన్‌తో సరిపెట్టుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక బాలింత చెవుల్లో దూది, పైన స్కార్ఫ్ ఉండాల్సిందే కదా. నేను దూది తీసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మళ్లీ స్కార్ఫ్ కట్టేసేదాన్ని. మూడోసారి మాట్లాడుతుంటే అమ్మ కాయం ముద్ద పట్టుకుని గదిలోకి వచ్చింది. గోడకేసి చూస్తూ "నాకు దీన్ని ఎత్తుకోవాలనిపించట్లేదండీ" అని ఏడుస్తున్నాను.

"ఓలమ్మో, గుంటకి గాలి సోకింది!"

ముద్ద కింద పడింది, పక్కింటి పెద్దమ్మ వేపమండలతో వచ్చేసింది. అంతా విన్న మేడమ్ స్పీకర్ ఆన్ చేయమన్నారు. "పెద్దమ్మాయి పుట్టినప్పుడు మీకెలా ఉండేదండీ?" అని అమ్మని అడిగారు.

అమ్మ చాలాసేపు పలకలేదు. "నూతి కాడ కూకొని ఏడ్చీదాన్నమ్మా. ఎవులికి సెప్తాను?"

మిగిలిన అరగంటా అమ్మే మాట్లాడేసింది. ఫీజు మాత్రం నాది.

నా కోపమల్లా వేరే. పిల్ల బరువు, టీకాలు అందరూ అడిగారు, తల్లి నిద్రపోతోందా అని ఒక్కరూ అడగలేదు. బాలింతకి డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో ప్రశ్నలు పదే, ఐదు నిమిషాల పని. పాకిస్తాన్ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకే ఈ మాట్లాడే పద్ధతి నేర్పి డిప్రెషన్ ఉన్న తల్లుల ఇళ్లకు పంపారు. 2008లో వచ్చిన ఫలితాల్లో, ఆర్నెల్లకి డిప్రెషన్ మిగిలింది వందలో 23 మందికి, ఆ పద్ధతి నేర్పని కార్యకర్తలు వెళ్లిన ఇళ్లలో 53 మందికి. అది ఎదురుగా కూర్చునే చేశారనుకోండి. అయినా మాట్లాడేది పెద్ద డాక్టరే కానక్కర్లేదని తెలిసింది కదా. మన ఆశా అక్కలకి నేర్పితే వాళ్లకి రాదా?

ఇప్పుడు మేడమ్ ఫోన్ వస్తే అమ్మే పాపని ఎత్తుకుని బయటికి పోతుంది. కానీ ఇయర్‌ఫోన్ ఒక చెవికే. రెండో చెవిలో దూది ఉండాల్సిందేనట.