సమాధానం: డైవింగ్‌కి ఏ కత్తి కొనాలి?

విశాఖలో డైవ్‌కి వెళ్తున్నారు, పిక్కకు కట్టుకునే పెద్ద కత్తి కొనాలా అని అడిగారు కదండీ. వద్దు. సినిమాల్లో బాగుంటుంది గానీ, నీళ్లలో మనల్ని పట్టుకునేది సొరచేప కాదు, తెగిపోయి రాళ్లకు చుట్టుకున్న చేపల వల. ఆ వల ముందు తగులుకునేది పిక్క మీదున్న కత్తి పిడికే! పైగా కాళ్లు చిక్కుకుంటే అంతదాకా చెయ్యి అందడం కష్టం.

నేను రెండు పెట్టుకుంటాను. ఒకటి లైన్ కట్టర్, బీసీడీ (నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు) భుజం పట్టీకి. బ్లేడు లోపల దాగి ఉంటుంది, దారం గాడిలో పడేలా పెట్టి లాగితే తెగిపోతుంది. రెండోది అంబులెన్సుల్లో బట్టలు కత్తిరించడానికి వాడే మొద్దు మొన కత్తెర, నడుము బెల్టుకి. నైలాన్ దారానికి దీన్ని మించింది లేదు. కత్తితో అయితే దారాన్ని ఒక చేత్తో బిగించి పట్టుకోవాలి, కత్తెరకు ఒక్క చెయ్యి చాలు. ఎక్కడ పెట్టినా రెండు చేతులకీ అందాలి. ఇంట్లోనే గ్లవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని తీసి చూడండి.

తుప్పు అంటారా, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి కూడా పడుతుంది. డైవ్ అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. టైటానియానికి ఆ బాధ లేదు, ధర మాత్రం ఎక్కువ. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగులోనే.

చిక్కుకుంటే గిరగిరా తిరగకండి, ఇంకా చుట్టుకుంటుంది. ఆగి, బడ్డీకి, అంటే మీతో జతగా డైవ్ చేసేవారికి, సైగ చేయండి. కోసే ముందు మీకు గాలి అందించే రెగ్యులేటర్ గొట్టం ఎటుందో ఒకసారి చూసుకోండి.