కంచికి వెళ్ళిన కథను వెనక్కి పిలిచే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒక యానిమేషన్ చిత్రానికి రెండో భాగం రాసే పని నీకు వచ్చిందని, అది థియేటర్లకు పోకుండా నేరుగా ఇళ్ళలోకే విడుదలవుతుందని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు కుదురు లేదు. చిన్నప్పుడు నేను "కథ కంచికి, మనం ఇంటికి" అనగానే నా పక్కన పడుకున్నదానివి లేచి కూర్చుని "కంచికి వెళ్ళాక ఏమైంది?" అని అడిగేదానివి. ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పుడు నీకు డబ్బు ఇస్తామంటున్నారంటే నాకు గర్వంగా ఉండదా? అయితే ఆ పని నేనూ ఒకసారి చేశాను, చేసి చెడగొట్టాను కనుక గర్వంతో పాటు గుబులూ పట్టుకుంది.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఒప్పందం చదివి సంతకం పెట్టు. మొదటి చిత్రాన్ని ఒకసారి మామూలుగా, మరొకసారి మాటలు వినపడకుండా చూడు. ఇలాంటి వాటికి బడ్జెట్టు తక్కువ కాబట్టి గుంపులను, వానలను, అలలను పొదుపుగా రాయి. నేరుగా వీడియోకి వెళ్ళేది కదా అని చిన్నచూపు చూడకు. 'టాయ్ స్టోరీ 2' కూడా అలా వీడియో కోసమే మొదలై, పని జరుగుతుండగా పెద్దదై, 1999లో థియేటర్లకు వెళ్ళింది.

ఇక అసలు చిక్కు. మొదటి చిత్రం రాసినవాళ్ళు కోరిక తీర్చి, దుష్టుణ్ణి పంపించి, పెళ్ళి చేసి, తలుపులన్నీ మూసి వెళ్ళిపోయారు. నువ్వు ఎటు నుంచి లోపలికి వెళ్తావు? 1992లో వచ్చిన 'అల్లాదీన్' చివర దుష్టుడు జాఫర్ చావలేదు, దీపంలో బందీ అయ్యాడు. దీపం ఎప్పటికైనా ఎవరి చేతికో చిక్కుతుంది. 1994లో డిస్నీ నేరుగా వీడియోలో విడుదల చేసిన 'ద రిటర్న్ ఆఫ్ జాఫర్' ఆ సందులోంచే దూరింది. 'బ్యూటీ అండ్ ద బీస్ట్'కు అలాంటి సందు లేదు. శాపం తీరి మృగం రాకుమారుడైపోయాడు, పిల్లలు ప్రేమించిన కొవ్వొత్తుల స్టాండు, గడియారం, టీ కూజా అన్నీ మనుషులైపోయాయి. మళ్ళీ వాటిని చూపించాలంటే వెనక్కి వెళ్ళడం తప్ప దారి లేదు కాబట్టి, 1997 నాటి రెండో చిత్రం మొదటి కథ నడుమనే ఒక పండుగ రోజును వెతుక్కుంది.

ఇలా నడుమ చొరబడడాన్ని తక్కువగా చూసేవాళ్ళున్నారు. నేను చూడను. 1942 నాటి 'బాంబీ'లో తల్లి పోయిన చలికాలం నుంచి కథ ఒక్క అంగలో వసంతంలోకి దూకుతుంది. ఆ పిల్ల జింక తండ్రితో ఎలా మెలిగింది, ఎలా పెరిగిందన్నది మనకు చూపలేదు. 2006లో వచ్చిన 'బాంబీ 2' ఆ ఖాళీలోనే కూర్చుంది. అరవై నాలుగేళ్ళు అలాగే ఉండిపోయిన ఖాళీ అది. నీ చిత్రంలో అలాంటిదేమైనా ఉందేమో ముందు వెతుకు.

'సిండరెల్లా' మూడో భాగం, 2007లో వచ్చినది, ఇంకా తెగించింది. సవతి తల్లి చేతికి మంత్రదండం చిక్కి కాలాన్నే వెనక్కి తిప్పేస్తుంది, గాజు చెప్పు వేరొకరి కాలికి పడుతుంది. ముగింపును చెడగొడుతున్నామని ఒప్పుకుని చెడగొట్టారు, ఆ పిల్ల తన సుఖాంతాన్ని రెండోసారి సొంతంగా సంపాదించుకోవలసి వచ్చింది. అందుకే నాకు అది నచ్చుతుంది. 1988 నాటి 'ద ల్యాండ్ బిఫోర్ టైమ్'లో పిల్ల డైనోసార్లు అంత కష్టపడి చేరుకున్న లోయ మాత్రం, 2016 దాకా వచ్చిన పదమూడు కొనసాగింపులలో వాటి చిరునామాగా మారిపోయింది. చేరడమే కథ అయినప్పుడు, చేరిన చోట ఎన్నాళ్ళని కథలు పుట్టించగలం?

నీకు అందరూ చెప్పబోయే దారి ఇవేవీ కావు. "నాయికకు ఒక పిల్లను పెట్టండి, ఆ పిల్లకు ఒక అడ్డు పెట్టండి" అంటారు. నాకూ అదే చెప్పారు.

నాకు ఇచ్చిన మొదటి చిత్రంలో ఒక పిల్ల గడియారపు గోపురంలో పెరుగుతుంది. ఆమెను పెంచిన ముసలాయన ప్రతి రాత్రీ బయటి నుంచి గడియ పెట్టి వెళ్తాడు. చివరి దృశ్యంలో ఆమె ఆ గడియను మేకులతో సహా పీకి, గోపురం మీది నుంచి ఏట్లోకి విసిరేస్తుంది. రెండో భాగానికి నాకు మూడు వారాల గడువు ఇచ్చారు. నాయికకు ఎనిమిదేళ్ళ కూతురిని పెట్టాను. కూతురికి అడ్డు కావాలి కాబట్టి నాయికను కఠినమైన తల్లిని చేశాను. మూడో నిమిషంలోనే ఆమె చేత "గడియ పెట్టి పడుకో, నేను చెప్పేదాకా తీయకు" అనిపించాను. రాసేటప్పుడు నాకు తప్పుగా తోచలేదు, అది ఇంకా పెద్ద తప్పు.

రికార్డింగు రోజున, మొదటి చిత్రంలో ఆ పిల్లకు గొంతు ఇచ్చినావిడే వచ్చింది. ఆ మాట దగ్గర ఆగి, హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని, మా రెండు గదుల నడుమ ఉన్న అద్దం దగ్గరికి వచ్చి, "అమ్మా, గడియ నేను ఏట్లో పారేశాను కదా, ఇది ఎక్కడిది?" అని అడిగింది. పాత్ర పేరు చెప్పలేదు, 'నేను' అంది. నేను నా మాట ఆ గదిలోకి వినిపించే మీట నొక్కి, "కొత్తది చేయించుకున్నారనుకోండి, సమయం లేదు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా వెనక్కి వెళ్ళి, రెండో టేకులో ఎంత బాగా చెప్పిందంటే గదిలో ఉన్న ఎవరికీ ఏ లోపమూ కనపడలేదు.

కనపడింది నీకే. నీకు గుర్తుండదు, ఆరేళ్ళదానివి. నా పేరు వేసిన క్యాసెట్టు తెచ్చి గొప్పగా పెట్టాను. పావుగంట చూసి లేచి వెళ్ళి, మొదటి చిత్రం క్యాసెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇందులో చివరిది పెట్టు" అన్నావు. గడియ ఏట్లో పడేదాకా చూసి నిద్రపోయావు. నేను టీవీ ఆపి ఆ చీకట్లో చాలాసేపు కూర్చున్నాను.

తల్లి కఠినురాలు కావడం తప్పని అనను. 1998లో వచ్చిన 'ద లయన్ కింగ్' రెండో భాగంలో సింబా తన కూతురిని హద్దు దాటనివ్వడు. ద్రోహం వల్ల తండ్రిని పోగొట్టుకున్నవాడికి ఆ భయం మొదటి కథలోంచే వచ్చింది. 2000లో వచ్చిన 'ద లిటిల్ మెర్మెయిడ్' రెండో భాగంలో, ఒకప్పుడు తండ్రి ఆంక్షలను కాదన్న జలకన్య ఏరియల్, కూతురికి పసిబిడ్డగా ఉన్నప్పుడే ముప్పు వచ్చిందని కోటకూ సముద్రానికీ నడుమ గోడ కట్టిస్తుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వాళ్ళు కారణం చూపించారు. నేను అది కూడా చూపలేదు. కూతురు ఒక రాత్రి నిద్రలో నడుస్తూ గోపురం అంచుదాకా వెళ్ళిందని రాసి, మర్నాడు తల్లి గడియ కొనడానికి దుకాణం ముందు నిలబడి, చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చిందని రాసి ఉంటే అది రెండో కథ అయ్యేది. ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజు అడగడానికి నాకు నోరు రాలేదు.

నీకూ రాదు, నాకు తెలుసు. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనలేవు, ఆ తర్వాత రాత్రిళ్ళు మేలుకుని కళ్ళు పాడు చేసుకుంటావు. గడువు చాలకపోతే చాలదని మొదటి సమావేశంలోనే చెప్పు. నీకు మొహమాటమైతే పెద్దమ్మ ఒప్పుకోవడం లేదని చెప్పు, నాకేమీ నామర్దా కాదు. ఒక మాట ఎందుకో నోటికి అడ్డు పడుతోందని గొంతు ఇచ్చే మనిషి ఆగితే, నువ్వు మీట మీది నుంచి చెయ్యి తీసి, ఆ గదిలోకి వెళ్ళి, పక్కన కూర్చుని విను. పాత్రను నీకంటే ఎక్కువ రోజులు మోసినవాళ్ళు వాళ్ళు.

మొదటి దృశ్యం రాయకముందు నాకో పని చేసిపెట్టు. మీ మొదటి చిత్రం చివరి దృశ్యంలో నాయిక ఏమి వదులుకుందో, ఏమి పారేసిందో ఒక కాగితం మీద రాసి పంపు. ఫోన్‌లో పంపకు, నాకు కనపడదు. నీ చేతిరాతతో, పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ