లారమీలో జైలు చూడండి, చీపుర్ల కోసం

"అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి వయోమింగ్ యూనివర్సిటీకి వెళ్తున్నాం. అది ఉన్న లారమీ ఊళ్ళో చూడటానికి ఏమైనా ఉందా, ఫంక్షన్ అవగానే డెన్వర్ వచ్చేయొచ్చా?" అని అడిగారు.

వచ్చేయకండి. మాకూ డెన్వర్ చుట్టాలు "గాలి తప్ప ఏముంది పిన్నీ అక్కడ" అన్నారు. వాళ్ళ మాట వింటే మాల్‌లో బెంచీ మీద కూర్చుని వాళ్ళ సంచులకు కాపలా కాయడమే. అమెరికా వచ్చిన అమ్మానాన్నలందరికీ ఇదే రాత!

జైలుకి వెళ్ళండి. 1872లో కట్టింది, ఇప్పుడు మ్యూజియం. గుర్రం దొంగతనం కేసులో బుచ్ క్యాసిడీ అనే పేరుమోసిన దొంగ 1894 నుంచి 96 దాకా ఇక్కడే ఉన్నాడు. మావారు ఆ దొంగ దగ్గరే ఆగిపోయారు. నేను చీపుర్లు చేసే షెడ్డులోకి వెళ్ళాను. ఖైదీల చేత చీపుర్లు కట్టించి అమ్మేవారట. మూలన కట్టలు కట్టిన పుల్లలు కనిపిస్తే చెయ్యి వేసి చూశాను. గింజ దులిపేసిన జొన్న కంకులే! మాది నంద్యాల దగ్గర పల్లె, జొన్న నాకు ఒకరు చెప్పాలా? మావాడి చేత అడిగిస్తే అక్కడి పెద్దాయన అవునన్నాడు, చీపుర్ల కోసమే పెంచే జొన్న రకమట. ఆయన కర్ర తిప్పుతూ, పుల్లలు పేర్చి తీగ బిగిస్తుంటే కళ్ళం వాసన వచ్చినట్టే అనిపించింది. 1903లో జైలు మూసేశాక యూనివర్సిటీ వాళ్ళు అక్కడ పశువుల్ని పెంచారట. మంచి పని.

ఇంకో మాట. వయోమింగ్‌లో ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా ఓటు హక్కు వచ్చాక, 1870 సెప్టెంబర్ 6న లూయిజా స్వెయిన్ అనే 69 ఏళ్ళావిడ మొట్టమొదట ఓటేసింది ఈ ఊళ్ళోనే. రొట్టె పిండి పులియడానికి వేసే ఈస్ట్ కొనడానికి గిన్నె పట్టుకుని బయల్దేరి, దారిలో ఓటేసి వెళ్ళిందంటారు. రైలు వచ్చి రెండేళ్ళయిన ఊరది! మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికి వెయ్యాలో ముందురోజు రాత్రి నాకు పాఠం చెప్తారు.

మీరు అడగలేదు కానీ, కుక్కర్ లేకుండా పప్పు ఉడుకుతుందనుకోకండి. ఊరు ఇంచుమించు ఊటీ అంత ఎత్తు, 7,200 అడుగులు; నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. మెట్లెక్కితే ఆయాసం. స్వెట్టర్ మేలోనూ కావాలి, మా మీద మంచు పడింది.

ఒక చీపురు తెచ్చుకుందామంటే, "అమెరికా నుంచి చీపురా, నలుగురూ నవ్వుతారు" అని మావారు సూట్‌కేస్ మూసేశారు. అందులో ఉన్నవి మాత్రం ఏమిటి, పదహారు చాక్లెట్ ప్యాకెట్లు.