కొత్త బూట్ వేసినా టై రాడ్ ఎండ్ దగ్గర గ్రీజు కారుతుంటే

టై రాడ్ ఎండ్ అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్, బూట్ అంటే దాని మీది రబ్బరు తొడుగు. గ్రీజు కారుతోందంటే ఆ బూట్ అంచు గాడిలో పూర్తిగా కూర్చోలేదు, లేదా గ్రీజు మరీ ఎక్కువ కుక్కేశారు. మళ్ళీ విప్పాల్సిందే.

1. జాక్ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్ పెట్టి చక్రం తీయండి. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా పెట్టేది), నట్టు తీసి పుల్లర్‌తో జాయింట్ విడదీయండి, ఫోర్క్ (చీలిక ఉన్న ఇనప పనిముట్టు) పెట్టి కొడితే బూట్ చిరుగుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. పాత బూట్ చిరిగినన్నాళ్ళూ లోపలికి ఇసుక, నీళ్ళు వెళ్ళే ఉంటాయి కదా, దాని మీదే కొత్త గ్రీజు వేస్తే ఆ ఇసుక బాల్‌ని అరగదీస్తూనే ఉంటుంది, అందుకే పాత గ్రీజంతా గుడ్డతో తుడిచేసి బాల్ పిన్‌ని (బాల్‌కి ఉన్న కడ్డీని) చేత్తో అన్ని వైపులా ఊపి చూడండి. లూజుగా ఆడినా, గరగరలాడినా, తుప్పు కనిపించినా బూట్ వేసి లాభం లేదండీ, ఎండ్ మొత్తం మార్చి వీల్ అలైన్‌మెంట్ చేయించండి. స్టీరింగ్‌తో రిస్క్ వద్దు.

3. జాయింట్ బాగుంటే బాల్ చుట్టూ గ్రీజు రాయండి, బూట్ ఉబ్బేంత వద్దు.

4. బూట్ ఎక్కించి, దాన్ని పట్టి ఉంచే రింగ్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

5. బాల్ పిన్ టేపర్‌కి (సన్నబడుతూ వచ్చే భాగానికి) గ్రీజు అంటితే తుడిచి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) నట్టు బిగించండి. స్ప్లిట్ పిన్ రంధ్రం నట్టు గాడితో కలవకపోతే ఇంకాస్త బిగించాలి, వదులు చేయకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి.