టెక్ సందేహాలు: నాలుగు వేలలో మంచి మెకానికల్ కీబోర్డు ఏది?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. పగలంతా కోడింగ్, రాత్రి భోజనాలయ్యాక కాసేపు వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతాను. అప్పుడప్పుడు తెలుగులోనూ టైప్ చేస్తుంటాను. బడ్జెట్ నాలుగు వేల లోపు. పక్క గదిలో పాప పడుకుంటుంది కాబట్టి చప్పుడు ఎక్కువ ఉండకూడదు. స్విచ్‌లు రెడ్, బ్రౌన్, బ్లూ అంటున్నారు, ఏది తీసుకోవాలో అర్థం కావడం లేదు.

జవాబు: నాలుగు వేలలో మీ రెండు పనులకూ సరిపడే కీబోర్డు హాయిగా వస్తుంది. మీకు నా సలహా: లీనియర్ స్విచ్‌లు (అంటే రెడ్ లాంటివి), హాట్‌స్వాప్ (స్విచ్‌లు తీసి మార్చుకోగలిగే) సౌకర్యం, నంబర్ ప్యాడ్ లేని 87 కీల సైజు లేదా ఇంకాస్త చిన్నదైన 75 శాతం సైజు. ఈ మూడూ కుదిరాక డబ్బు మిగిలితే బ్లూటూత్, రంగురంగుల లైట్ల సంగతి చూడండి. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో మనకు ముందుగా చూపించేది లైట్లే. వేళ్లకు రోజూ తగిలేది మాత్రం స్విచ్.

ముందుగా ఒక జాగ్రత్త. వెయ్యి, పదిహేను వందల్లో 'మెకానికల్ ఫీల్', 'సెమీ మెకానికల్' అని అమ్మేవాటిలో చాలావరకు లోపల ఉండేది మామూలు రబ్బరు పొరే. పైన కీక్యాప్‌లు మాత్రం మెకానికల్ లాగా ఎత్తుగా పెడతారు. అసలైనదైతే స్విచ్ కంపెనీ పేరో, రకమో తప్పకుండా రాస్తారు: అవుటెము, గేటెరాన్, కైల్, చెర్రీ... ఇలా. ఆ వివరం ఎక్కడా కనిపించకపోతే వదిలేయండి.

ఇక ఆ రంగుల సంగతి. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కిందా ఒక విడి స్విచ్, అందులో ఒక స్ప్రింగ్, కలిసి విడిపోయే లోహపు రేకులు ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తన ఎంఎక్స్ స్విచ్‌లకు ఒక్కో రకానికి ఒక్కో రంగు పెట్టింది. ఆ డిజైన్ మీద పేటెంట్ గడువు తీరిపోయాక చైనా కంపెనీలు అదే ఆకారంలో, అవే రంగుల్లో స్విచ్‌లు పెద్దఎత్తున చేయడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు ఏడెనిమిది వేలు పెడితే గానీ రాని సరుకు ఇప్పుడు మూడు వేలకు రావడానికి ఇదే ముఖ్య కారణం.

రెడ్ లీనియర్. నొక్కితే అడ్డు లేకుండా సాఫీగా కిందికి పోతుంది. చెర్రీ రెడ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది, దానికి దాదాపు 45 గ్రాముల బరువు చాలు. బ్రౌన్ టాక్టైల్. సగం దారిలో వేలికి చిన్న మెట్టులా తగులుతుంది, అక్షరం పడిందని వేలికే తెలుస్తుంది. బ్లూ క్లికీ. ఆ మెట్టుతో పాటు 'టిక్కు'మని గట్టి చప్పుడు కూడా చేస్తుంది. పాప పడుకునే ఇంట్లో బ్లూ వద్దే వద్దు. మీటింగులో మైక్ ఆన్ చేసి టైప్ చేశారంటే అవతల ఉన్న టీమ్ మొత్తానికీ వినిపిస్తుంది.

రెడ్ కూడా పూర్తిగా నిశ్శబ్దం కాదన్నది గుర్తుంచుకోండి. క్లిక్ ఉండదు గానీ కీ అడుగుకు తగిలినప్పుడు, తిరిగి పైకి లేచినప్పుడు 'టక్' అంటుంది. చప్పుడు మరీ తగ్గాలంటే 'సైలెంట్ లీనియర్' అని విడిగా దొరుకుతాయి. వాటి లోపల మెత్తటి రబ్బరు ముక్కలు ఉంటాయి. అవి ముందే బిగించి ఉన్న కీబోర్డు మీ బడ్జెట్‌లో దొరకడం కష్టం కావచ్చు. అందుకే హాట్‌స్వాప్ ఉన్నది తీసుకోమంటున్నాను. ఇందులో స్విచ్‌లు బోర్డుకు సోల్డర్ చేసి ఉండవు, పెట్టెలో ఇచ్చే చిన్న పట్టకారుతో లాగేసి కొత్తవి గుచ్చుకోవచ్చు. ఇవాళ రెడ్‌తో కొనండి. చప్పుడు ఇబ్బంది అనిపిస్తే వచ్చే నెల స్విచ్‌లు మాత్రమే మార్చుకోండి. ఒక స్విచ్ పాడైనా అంతే, ఆ ఒక్కటే మారుస్తాం. సోల్డర్ చేసిన బోర్డులో ఒక్క కీ పోతే రిపేరు షాపు చుట్టూ తిరగాలి.

హాట్‌స్వాప్‌లోనూ ఒక మెలిక ఉంది. స్విచ్‌ల అడుగున కొన్నింటికి మూడు కాళ్లు, కొన్నింటికి ఐదు ఉంటాయి. మూడు కాళ్లవి ఐదు రంధ్రాల బోర్డులోనూ కూర్చుంటాయి. ఐదు కాళ్లవి మూడు రంధ్రాల బోర్డులో పెట్టాలంటే అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లూ కత్తిరించాలి. కొన్ని చవక బోర్డుల సాకెట్లు అవుటెము స్విచ్‌లకు మాత్రమే సరిపోతాయి, వేరే కంపెనీవాటి కాళ్లు కాస్త లావుగా ఉండి దిగవు. కొనేముందు వివరాల్లో 'ఐదు పిన్నులు' అని ఉందో లేదో, రివ్యూల్లో ఎవరైనా వేరే స్విచ్‌లు వేసి చూశారో లేదో వెతకండి.

గేమింగ్ విషయానికొస్తే, వాలరెంట్‌కు వైరు కనెక్షనే మేలు. మామూలు గేమింగ్ కీబోర్డు కూడా వైరు మీద సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటర్‌కు సమాచారం ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే బుల్లి వైర్‌లెస్ రిసీవర్‌తో) వచ్చేవీ ఆటకు పనికొస్తాయి. బ్లూటూత్ మాత్రం ఆఫీసు పనికి, ట్యాబ్‌కు ఉంచుకోండి, ఆటలో ఆలస్యం తెలుస్తుంది. ఎన్ని కీలు ఒకేసారి నొక్కినా పడేలా ఎన్-కీ రోల్‌ఓవర్ ఉందో లేదో చూడండి. పరుగెత్తుతూ, వంగి, దూకుతూ గ్రెనేడ్ తీయాలంటే నాలుగైదు కీలు ఒకేసారి నొక్కుతాం మరి.

తెలుగు టైపింగ్ గురించి అడిగారు కాబట్టి ఇంకొక్క మాట. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు కీలు నొక్కాలి: ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. డి మీద పొల్లు ఉంటుంది, ఒత్తు వచ్చిన ప్రతిసారీ దాని మీదికే వెళ్లాలి. ఒత్తక్షరాలైన ఖ, థ, భ లాంటివాటికి షిఫ్ట్ కలపాలి. ఇంత నొక్కుడు ఉన్నప్పుడు బరువైన స్విచ్‌లు వేళ్లను త్వరగా అలసిపోయేలా చేస్తాయి. ఈ లెక్కన కూడా రెడ్ లాంటి తేలికవే మీకు నయం. ఇంగ్లిష్, తెలుగు మధ్య మారడానికి విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే చాలు. కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకునేటట్లయితే పారదర్శకంగా ఉండేవి తీసుకోండి, లేకపోతే కింది లైటు మూసుకుపోతుంది. కుడివైపు ఆల్ట్ కీ ఉందో లేదో కూడా ఫొటోలో చూసుకోండి. విండోస్‌లో 'ఇంగ్లిష్ (ఇండియా)' కీబోర్డు పెట్టుకుంటే కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది. కొన్ని చిన్న కీబోర్డుల్లో ఆ ఆల్ట్ తీసేసి ఎఫ్ఎన్ కీ పెడుతున్నారు.

కీక్యాప్‌లు పీబీటీ అనే ప్లాస్టిక్‌వి అయితే మంచిది. ఏబీఎస్ ప్లాస్టిక్‌వి వాడేకొద్దీ నున్నబడి, నూనె రాసినట్టు మెరుస్తాయి. కానీ ఇది తర్వాత కూడా మార్చుకోగలిగేదే, దీనికోసం హాట్‌స్వాప్ వదులుకోకండి.

కంపెనీ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తారా? అయితే ఐటీ విభాగం కొత్త సాఫ్ట్‌వేర్ వేయనివ్వకపోవచ్చు. సెట్టింగులు కీబోర్డు లోపలే గుర్తుండేది, లేదా ఎఫ్ఎన్ కీలతోనే మార్చుకోగలిగేది తీసుకుంటే చాలు. ఇంట్లో సొంత కంప్యూటర్ మీద సెట్ చేసుకుని ఆఫీసు ల్యాప్‌టాప్‌కు మార్చుకోవచ్చు.

రెడ్రాగన్, కాస్మిక్ బైట్, ఆంట్ ఈస్పోర్ట్స్, రెడ్‌గేర్, ఆలా లాంటి బ్రాండ్లలో మీ బడ్జెట్‌కు దగ్గరగా ఉండేవి దొరుకుతాయి. ఒకే మోడల్‌ను రెండు మూడు రకాల స్విచ్‌లతో అమ్ముతారు, 'కొను' నొక్కేముందు రెడ్ ఎంచుకున్నారో లేదో మళ్లీ చూడండి. పార్శిల్ రాగానే ఆన్‌లైన్ కీబోర్డ్ టెస్టర్ పేజీ తెరిచి ప్రతి కీ నొక్కండి. స్పేస్ బార్, ఎంటర్, ఎడమ షిఫ్ట్ రెండు చివరలా నొక్కి చూడండి. చవక కీబోర్డుల్లో ఎక్కువగా గలగలలాడేవి ఈ పొడవాటి కీలే, కింద ఉండే స్టెబిలైజర్ తీగల వల్ల. రిటర్న్ గడువు దాటకముందే ఇదంతా పూర్తి చేయండి.

ప్రశ్న: విజయవాడలో అకౌంటెంట్‌గా పని చేస్తున్నాను. రోజంతా ట్యాలీలోనే. 61 కీలుండే బుల్లి మెకానికల్ కీబోర్డు ముచ్చటగా అనిపించింది, ధర కూడా తక్కువే. తీసుకోవచ్చా?

జవాబు: దయచేసి తీసుకోకండి. ట్యాలీ అంతా పైవరుస ఎఫ్ కీల మీదే నడుస్తుంది: పేమెంట్‌కు ఎఫ్5, రిసీట్‌కు ఎఫ్6, జర్నల్‌కు ఎఫ్7, సేల్స్‌కు ఎఫ్8, పర్చేజ్‌కు ఎఫ్9. 61 కీల కీబోర్డులో ఆ వరుసే ఉండదు, ప్రతి వోచరుకూ ఎఫ్ఎన్ పట్టుకుని అంకె నొక్కాలి. ఆల్ట్, కంట్రోల్‌తో కలిపి వాడే షార్ట్‌కట్లయితే మూడేసి కీలవుతాయి. నంబర్ ప్యాడ్ కూడా ఉండదు. నెలాఖరులో జీఎస్‌టీ లెక్కల హడావుడిలో ఆ ముచ్చట ఒక్క పూటలో తీరిపోతుంది.

మీకు 104 కీల పూర్తి సైజు, లేదా '96 శాతం' అని వచ్చే సైజు సరిపోతుంది. ఈ రెండోదానిలో నంబర్ ప్యాడ్ ఉంటుంది గానీ మధ్యలో ఖాళీలు తీసేసి దగ్గరికి జరుపుతారు, మౌస్‌కు చేయి అంత దూరం చాచనక్కర్లేదు. స్విచ్‌లు బ్రౌన్ తీసుకోండి. చూపు బిల్లు మీద ఉండగా అంకె పడిందో లేదో వేలికే తెలుస్తుంది, పక్క టేబుల్ వాళ్లకు క్లిక్కుల బాధ ఉండదు. నంబర్ ప్యాడ్ మీది ఎంటర్, సున్నా గలగలలాడకుండా గట్టిగా ఉన్నాయో లేదో మాత్రం బాగా పరీక్షించండి. మీ పనిలో ముందుగా అరిగేవి అవే. మెకానికల్ కీబోర్డులు ఎత్తుగా ఉంటాయి, వెనక కాళ్లు లేపకుండా వాడుకోండి, మణికట్టు వంగకుండా ముందు ఒక మెత్తటి రెస్ట్ పెట్టుకోండి.

ప్రశ్న: కొత్త కీబోర్డులో విండోస్ కీ ఉన్నట్టుండి పని చేయడం మానేసింది. పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. ఆట మధ్యలో పొరపాటున తగిలి స్టార్ట్ మెనూ తెరుచుకోకుండా గేమింగ్ కీబోర్డుల్లో దానికి తాళం ఉంటుంది. చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, విండోస్ కీ కలిపి నొక్కితే తాళం పడుతుంది, మళ్లీ నొక్కితే తెరుచుకుంటుంది. డబ్ల్యూ, ఏ, ఎస్, డి కీలు బాణాల కీల్లా పనిచేస్తుంటే అదీ ఇలాంటిదే, కొన్నింటిలో ఎఫ్ఎన్, డబ్ల్యూ నొక్కితే సరవుతుంది. పెట్టెలోని కాగితంలో ఈ జతలన్నీ ఉంటాయి, పారేయకండి.

ప్రశ్న: మ్యాగ్నెటిక్ స్విచ్‌ల కీబోర్డు కొంటే ఆటలో నిజంగా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కొన్ని ఆటల్లో. ఇందులో లోహపు రేకుల బదులు అయస్కాంతం, దాని కదలికను కొలిచే హాల్ ఎఫెక్ట్ సెన్సర్ ఉంటాయి. కీ ఎంత లోతుకు దిగిందో కీబోర్డుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. వేలు కాస్త పైకి లేవగానే కీ వదిలినట్టు లెక్కించే 'రాపిడ్ ట్రిగ్గర్' దీని వల్లే సాధ్యమైంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటివాటిలో ఆగి కాల్చేటప్పుడు అది ఉపయోగపడుతుంది. అయితే ఎడమ, కుడి కీలు రెండూ నొక్కి ఉన్నా చివర నొక్కినదాన్నే తీసుకునే 'స్నాప్ ట్యాప్' తరహా సౌకర్యాన్ని ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. వాడితే మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తారు, ఆ ఆట ఆడేవాళ్లు అది ఆఫ్ చేసుకోవాలి. పోటీల్లో పాల్గొనేవాళ్లు కాకపోతే, టైపింగే ప్రధానమైతే, మామూలు లీనియర్‌తో మీకు లోటేమీ ఉండదు. ఇంకో సంగతి, మామూలు ఎంఎక్స్ తరహా స్విచ్‌లు ఈ బోర్డుల్లో సాధారణంగా పని చేయవు, తర్వాత మార్చుకుందామంటే ఎంపిక తక్కువ.

ప్రశ్న: రెండేళ్ల నాటి మెకానికల్ కీబోర్డు. 'ఎ' ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: స్విచ్ లోపలి రేకుల మధ్య దుమ్ము చేరినా, అవి అరిగినా ఇలా అవుతుంది. వైరు తీసేసి, కీక్యాప్ ఊడదీసి, స్విచ్ చుట్టూ బ్రష్‌తో దుమ్ము దులపండి. తగ్గకపోతే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు స్విచ్ కాండాన్ని కిందికి నొక్కి పట్టి వేయండి, పదిపదిహేనుసార్లు నొక్కి వదలండి, పూర్తిగా ఆరాకే వైరు పెట్టండి. హాట్‌స్వాప్ బోర్డయితే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. స్క్రోల్ లాక్ లాంటి వాడని కీ కింద ఉన్న స్విచ్ తెచ్చి 'ఎ' కింద, 'ఎ' స్విచ్ దాని చోట పెట్టండి. సమస్య స్విచ్‌తో పాటు అక్కడికి వెళ్లిపోతే తప్పు స్విచ్‌ది, 'ఎ' దగ్గరే ఉండిపోతే బోర్డుది.

ఇవాళే పని ఆగిపోయే పరిస్థితి ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్లి ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి. వెంటవెంటనే పడే రెండో నొక్కును అది పట్టించుకోదు. అయితే ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' కొట్టేటప్పుడు రెండు 'ఎం'లు వేగంగా కొట్టినా ఒకటే పడొచ్చు, అందుకే అన్నిటికన్నా తక్కువ సమయంతో మొదలుపెట్టండి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా వేయకుండా ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. రెండుసార్లు పడుతున్నట్టు ఫోన్‌లో చిన్న వీడియో తీసి జత చేయండి.