పేరు పక్కన మ్యాచ్‌ల సంఖ్య రాయి

2025 అక్టోబరు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొదలు కాకముందే టాప్ 25 ఆటగాళ్ల జాబితా వేసుకుని కొట్టుకోవడమంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. అయినా అక్టోబరులో ఆ మాత్రం సరదా ఉండాల్సిందే. నేను అడ్డు చెప్పేది మీ గొడవకు కాదు, గొడవపడే పద్ధతికి. తరచూ గాయపడే మీ మావెరిక్స్ జట్టు ఆటగాడు ఆంథొనీ డేవిస్‌ను 12లో పెట్టాలా 22లో పెట్టాలా అని డాలస్‌లో మీరు నలుగురూ రాత్రంతా వాదించుకున్నారని రాశావు. నువ్వు రాసిన వాదనలు చూస్తే, ఇద్దరు ఒక ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, మిగతా ఇద్దరు వేరే ప్రశ్నకు. అలాంటి వాదన తెల్లారినా తేలదు.

ముందు కాగితం పైన ప్రశ్న రాయండి. గాయాల చరిత్ర ఉన్న ఆటగాడి విషయంలో ప్రశ్నలు మూడు రకాలు. ఇద్దరూ ఒంట్లో బాగుండి ఈ రాత్రి ఒక్క మ్యాచ్ ఆడితే ఎవడు మెరుగు? అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా జరిగే 82 మ్యాచ్‌లలో జట్టుకు ఎవడి వల్ల ఎక్కువ లాభం? మే, జూన్‌లలో ప్లేఆఫ్స్, అంటే టైటిల్ తేల్చే చివరి దశ, ఆడే నాటికి ఎవడు నీ పక్కన ఉండాలి? కవాయ్ లెనర్డ్ 2018-19 సీజన్ తీసుకో. టొరంటో రాప్టర్స్ అతన్ని 60 మ్యాచ్‌లే ఆడించింది. అతను లేని 22 మ్యాచ్‌లలోనూ 17 గెలిచింది. రెండో ప్రశ్న వేస్తే లెనర్డ్ కిందికి జారిపోతాడు. ప్లేఆఫ్స్‌లో 24 మ్యాచ్‌లూ ఆడి, టైటిల్ గెలిపించి, ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) తీసుకున్నాడు. మూడో ప్రశ్న వేస్తే ముందు వరసలో కూర్చుంటాడు. మనిషీ ఒకడే, ఏడాదీ ఒకటే. మారింది ప్రశ్న.

అవార్డులు ఎవరికొస్తాయన్నది మీ ప్రశ్నైతే లెక్క ఇంకా కఠినం. 2023-24 నుంచి ఎంవీపీకి గానీ ఆల్-ఎన్‌బీఏ జట్టుకు (ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ల జాబితాకు) గానీ కనీసం 65 మ్యాచ్‌లు ఆడి ఉండాలి. మ్యాచ్‌కు 20 నిమిషాలు ఆడితేనే అది లెక్కలోకి వస్తుంది. 15 నుంచి 20 నిమిషాల మధ్య ఆడినవి రెండు మాత్రం కలుపుకోనిస్తారు. అంటే మామూలుగా 18వ మ్యాచ్ మానేసిన రోజే కథ ముగిసినట్టు. ఆ ఏడాది జోయెల్ ఎంబీడ్ సగటున 34.7 పాయింట్లు కొట్టాడు, ఒక మ్యాచ్‌లో 70 కొట్టాడు. ఆడింది మాత్రం 39. ఎవరూ అతనికి ఓటు వేసే అవకాశమే లేదు.

ఇక సంఖ్య కట్టడం. ఒక్కొక్కడి గత మూడు సీజన్ల మ్యాచ్‌లు రాసుకో. తాజా ఏడాదిని మూడుతో, దాని ముందుదాన్ని రెండుతో, దాని ముందుదాన్ని ఒకటితో గుణించి, కలిపి, ఆరుతో భాగించు. ఎంబీడ్‌కు 19, 39, 66. అంటే 57, 78, 66 కలిపి 201. ఆరుతో భాగిస్తే 33 పైచిలుకు. నికోలా యోకిచ్‌కు 70, 79, 69. దాదాపు 73 వస్తుంది. షై గిల్జస్-అలెగ్జాండర్‌కు 74. ఇది జాతకం కాదు, వాదన మొదలెట్టడానికి ఒక చోటు, అంతే. ఇంకా వెనక్కి వెళ్లేటట్టయితే మ్యాచ్‌లను కాదు, శాతాన్ని చూడు. 2020-21లో సీజన్ 72 మ్యాచ్‌లే. ఎంబీడ్ ఆ ఏడాది ఆడిన 51ని 82తో భాగిస్తే 62 శాతం వస్తుంది, అసలు లెక్క 71 శాతం. 2011-12లో యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక పడిన లాకౌట్ వల్ల 66 మ్యాచ్‌లే జరిగాయి. ఈ పొరపాటు పెద్దపెద్ద వాళ్లూ చేస్తారు.

ఇప్పుడు మీ డేవిస్ సంగతి. అతనికి 51, 76, 56. లెక్క 60కి వస్తుంది. అదే కాగితం మీద లూకా డాన్చిచ్‌ను వెయ్యి: 50, 70, 66. 59 వస్తుంది. ఇద్దరూ ఒకటే! డేవిస్‌ను గాజుబొమ్మ అంటారు, మాజీ ఆటగాడు, టీవీ వ్యాఖ్యాత చార్ల్స్ బార్క్‌లీ అయితే 'స్ట్రీట్ క్లోత్స్' అని పేరే పెట్టాడు, ఎప్పుడూ మామూలు బట్టల్లో బెంచి మీద కూర్చుంటాడని. లూకాను ఆ మాట అన్నవాడు లేడు. మీ గదిలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు. కాసేపు నిశ్శబ్దం ఖాయం.

అలాగని లెక్క సమానం కాబట్టి ప్రమాదం సమానం అనకు. ఎదుటివాడు తెలిసినవాడైతే అక్కడే పట్టుకుంటాడు. లూకా పోయినేడు పోగొట్టుకున్న మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఒకే గాయానివి. క్రిస్మస్ రోజు ఎడమ పిక్క పట్టేసింది, ఫిబ్రవరి 10న కొత్త జట్టు లేకర్స్ తరఫున తిరిగి వచ్చాడు. వయసు 26. డేవిస్‌కు 32. అతని జాబితాలో ఒకేడాది ఒకే చోట కాదు: జనవరి చివర్లో పొత్తికడుపు కండరం, అది తగ్గి ఫిబ్రవరి 8న మావెరిక్స్ తరఫున మొదటి మ్యాచ్‌కు దిగి 26 పాయింట్లు కొడుతూనే గజ్జ దగ్గరి కండరం. పొత్తికడుపు కండరం, గజ్జ కండరం రెండూ ఒకే ఎముకను పట్టుకుని ఉంటాయి. ఒకటి బలహీనపడితే భారం పక్కదాని మీద పడుతుంది. కాబట్టి లూకా 59కి నేను ఓ ఏడెనిమిది కలుపుతాను, డేవిస్ 60ని అలాగే ఉంచుతాను. లూకాను ఇచ్చి డేవిస్‌ను తెచ్చుకున్న మావెరిక్స్‌కు నువ్వు అభిమానివి, నీకు చేదుగానే ఉంటుంది. ఇంకో మాట కూడా వినిపించు, న్యాయంగా ఉంటుంది: లూకాది పిక్క. కెవిన్ డ్యురంట్ 2019లో పిక్క గాయం నుంచి తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. ఈ జూన్ 22న టైరీస్ హాలిబర్టన్‌కూ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో అదే కథ. అంతకుముందు నుంచే పిక్క నొప్పితో ఆడుతున్నాడు. మే నెలలో జేసన్ టేటమ్‌కు తెగినప్పుడు మాత్రం అలాంటి కబురేదీ ముందు రాలేదు. రెండు ఉదాహరణలతో సూత్రం కట్టొద్దు, కళ్లు మాత్రం మూసుకోవద్దు.

టేటమ్ పేరు వచ్చింది కాబట్టి ఈ లెక్క ఎక్కడ బోర్లా పడుతుందో కూడా చూడు. అతనికి 72, 74, 74. మన పద్ధతిలో 73 మ్యాచ్‌లు! హాలిబర్టన్‌కు 69! ఒకడికి వేసవిలోనే ఆపరేషన్, ఇంకొకడు ఈ సీజనంతా ఆడడని అతని జట్టు పేసర్స్ జులైలోనే చెప్పేసింది. అంకె గుణించే ముందు, ఈ రోజు మనిషి ఎక్కడున్నాడన్నది రాయాలి. సీజనంతా ఆడనని తేలినవాళ్లను, హాలిబర్టన్, డేమియన్ లిల్లర్డ్ లాంటి వాళ్లను, జాబితా బయట వేరే వరసలో పెట్టండి. ఎప్పుడొస్తాడో తెలియని టేటమ్, మార్చిలో మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిన కైరీ అర్వింగ్ లాంటి వాళ్లకు కనిష్ఠం, గరిష్ఠం రెండు అంకెలు రాయండి. ఒక్క అంకె రాస్తే అది ఊహే.

గాయం పేరు తెలియకుండా 'వీడికి ఎప్పుడూ గాయాలే' అనేవాడితో వాదించకు, ముందు అడుగు: ఏ భాగం, ఎలా అయింది, ఏం చేశారు? మనిషి మీద పడి వేలు విరగడం వేరు, ఎవరూ తాకకుండా తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ పట్టెయ్యడం వేరు. మొదటిది అతికితే అయిపోయింది. స్టెఫ్ కరీ 2019-20లో చెయ్యి విరిగి 5 మ్యాచ్‌లే ఆడాడు, మరుసటి ఏడాది సగటున 32 పాయింట్లతో లీగ్‌లోనే పైన నిలిచాడు. హ్యామ్‌స్ట్రింగ్ అలా కాదు, తొందరపడి దిగితే మళ్లీ పట్టేస్తుంది. మెనిస్కస్ (మోకాట్లో మెత్తలా ఉండే మృదులాస్థి) అన్న మాట వినపడితే కుట్టారా, కత్తిరించారా అని అడుగు. కుడితే నెలలు పడుతుంది, మోకాట్లో మెత్త మిగులుతుంది. కత్తిరిస్తే వారాల్లో దిగొచ్చు, కానీ ఆ తర్వాత ఎముక చివర అరుగుదల మొదలవుతుంది. భారీ మనిషికి అది ఇంకా త్వరగా. పాదం మధ్య ఎముకలకు రక్తం తక్కువ అందుతుంది, అందుకే పగులు అతికినట్టే ఉండి మళ్లీ విడుతుంది. ఎంబీడ్ మొదటి రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోవడానికి కారణం అదే. అకిలీస్ తెగితే తొమ్మిది నెలల నుంచి ఏడాది. తిరిగొచ్చాక కూడా మొదటి ఏడాది పాత మనిషిని ఆశించకు. 1992లో తెగించుకున్న డొమినిక్ విల్కిన్స్ మరుసటి సీజన్‌లో సగటున 29.9 కొట్టాడు, నిజమే. 34 ఏళ్ల వయసులో తెగిన కోబీ బ్రయంట్ ఆ తర్వాతి సీజన్‌లో 6 మ్యాచ్‌లే ఆడాడు.

విక్టర్ వెంబన్యామా దగ్గర మాత్రం సగటు అసలు కట్టకు. పోయిన ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి 46 మ్యాచ్‌ల దగ్గర ఆగిపోయాడు. ఇది కండరం కాదు. రక్తం పలచబడే మందు వాడుతున్నంత కాలం తోపులాట ఉన్న ఆట ఆడనివ్వరు, మందు ఆపాక మళ్లీ రాకపోతే గాయమే లేనట్టు. క్రిస్ బాష్‌కు మళ్లీ వచ్చింది, 2016 ఫిబ్రవరి తర్వాత అతను ఆడలేదు. అటో ఇటో తప్ప మధ్యలో ఏ అంకె వేసినా ఇక్కడ అర్థం లేదు.

వార్తలు చదివేటప్పుడు ఒక మాట దగ్గర అందరూ జారిపడతారు. 'నాలుగు వారాల్లో రీ-ఎవాల్యుయేట్ చేస్తాం' అంటే నాలుగు వారాల్లో వస్తాడని కాదు, అప్పుడు మళ్లీ చూస్తామని. దానికి ఇంకో రెండు మూడు వారాలు కలుపుకోవాలి. సెప్టెంబరు చివర ఆటగాళ్లు విలేకరులతో మాట్లాడే మీడియా డే రోజు 'చాలా బాగున్నాను' అన్న మాటకు విలువ సున్నా, ఆ రోజు అందరూ బాగానే ఉంటారు. అయిదుగురు అయిదుగురు పూర్తి స్థాయిలో కొట్టుకునే ప్రాక్టీసులో దిగాడా, వరసగా రెండు రోజులు దిగాడా అన్నది చూడు. విశ్రాంతిని గాయంతో కలిపెయ్యకు కూడా. సీజన్ మొదలయ్యే రోజుకు 35 ఏళ్లు నిండినవాళ్లకు వరస రోజుల మ్యాచ్‌లలో ఒకటి ఆపుకోవడానికి లీగ్ ముందస్తు అనుమతి ఇవ్వొచ్చు. లెబ్రాన్, కరీ, డ్యురంట్ అందరూ అందులోకే వస్తారు. సీజన్‌లో ఒక్కో జట్టుకు అలాంటి వరస రోజుల జంటలు పద్నాలుగు పదిహేను వస్తాయి. బుమ్రా ఈ ఏడాది ఇంగ్లండ్‌లో అయిదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పి ఆడించలేదూ, అలాంటిదే.

సంఖ్య కట్టాక దాన్ని ఆటతో గుణించాలి, లేకపోతే రోజూ వచ్చే సాదాసీదా ఆటగాడు పైన కూర్చుంటాడు. బెంచి మీది మామూలు ఆటగాడి కంటే మ్యాచ్‌కు ఎంత మెరుగు అన్నది అంచనా వెయ్యి. ఒకడు ఆరు పాయింట్లు మెరుగు, ఇంకొకడు నాలుగే, కానీ 75 మ్యాచ్‌లు ఆడతాడు అనుకో. రెండోవాడిది మొత్తం 300. మొదటివాడు ఆ 300ని 50 మ్యాచ్‌లలోనే అందుకుంటాడు. ఇప్పుడు మీ వాదన 'డేవిస్ గొప్పా కాదా' నుంచి 'డేవిస్ 50 దాటతాడా లేదా'కు దిగుతుంది. ఇది తేలే వాదన. ఆ ఆరూ నాలుగూ కూడా గొడవే అంటావు, అవును. కానీ దాని మీద గొడవపడటం మేలు.

ఇంకొకటి, 'ఒంట్లో బాగుంటే' అన్న షరతు. మీలో ఎవరో ఒకడు దాన్ని తనకిష్టమైనవాడికే వాడతాడు. వాడితే అందరికీ వాడాలి, లేదా ఎవరికీ వద్దు. జయాన్ విలియమ్సన్ బాగుంటే అన్నవాడు లెనర్డ్ బాగుంటే అని కూడా అనాలి. జయాన్ బరువు మీద జోకులు వద్దు. వరసగా 29, 70, 30 అన్న అంకెలు చాలు. గాయాల ముద్ర ఒకసారి పడితే పోదనుకోవడమూ తప్పే. 2012లో కరీ చీలమండలు చూసి భయపడినవాళ్లు చాలామంది. 26 మ్యాచ్‌ల ఏడాది తర్వాత నాలుగేళ్ల ఒప్పందం మీద 4.4 కోట్ల డాలర్లకే సంతకం చేశాడు, ఆ వెంటనే 78 మ్యాచ్‌లు ఆడాడు, 2015, 2016లలో ఎంవీపీ అయ్యాడు. అలాగే 22 ఏళ్లకే ఎంవీపీ అయిన డెరిక్ రోజ్‌కు 2012లో మోకాలి ఏసీఎల్ తెగే దాకా ఎవరూ కీడు ఊహించలేదు.

12, 13, 14 అని వరస నంబర్లు వెయ్యకండి. అయిదేసి మందికి ఒక మెట్టు చాలు. 14కూ 16కూ తేడా ఎవడూ నిరూపించలేడు. ప్రతి పేరు పక్కన మ్యాచ్‌ల అంకె రాసి, సీజన్ మొదలయ్యే అక్టోబరు 21 లోపే నలుగురూ ఫొటో తీసి గ్రూపులో పెట్టెయ్యండి. తర్వాత మార్చడాలు లేవు. ఏప్రిల్‌లో సీజన్ ముగిశాక ముందు మ్యాచ్‌ల అంకెలే పోల్చండి, ర్యాంకులు తర్వాత. ఎవరిది ఎంత తప్పిందో కలుపుకుంటే, తక్కువ తప్పినవాడికి మిగతా ముగ్గురూ బిర్యానీ.

నీ కాగితం నాకూ పంపు. డేవిస్ పక్కన ఎంత రాశావో చూడాలి. 70 రాసి ఉంటే వెంటనే ఫోన్ చేస్తాను.

మీ మామయ్య