స్టాండప్ హాజరు పట్టీలా మారినప్పుడు

మేడమ్, మీ మూడో ఏడాది బీటెక్ పిల్లలు ప్రాజెక్ట్ పని ఎంతవరకు వచ్చిందో రోజూ చెప్పుకునే స్టాండప్‌లో ఏదో అప్పజెప్పి, కోడ్ మాత్రం స్ప్రింట్ (ఒక విడత పనికి పెట్టుకున్న గడువు) చివరి రాత్రి రాస్తున్నారన్నారు కదా. ముందు ఆ రోజువారీ స్టాండప్ ఆపేయండి. వారానికి రెండే ల్యాబ్‌లు ఉంటే రోజూ కొత్తగా చెప్పడానికి ఏముంటుంది? ల్యాబ్ మొదట్లో 10 నిమిషాలు చాలు. అదీ మీకు కాదు, ఒకరికొకరు చెప్పుకోవాలి. స్క్రమ్ అనే ఈ టీమ్ పని పద్ధతికి 2020లో వచ్చిన గైడ్ ప్రకారం కూడా ఆ సమావేశం డెవలపర్ల కోసమే.

స్ప్రింట్‌ను ఒక్క వారానికి కుదించండి. చివర్లో స్లైడ్‌లు వద్దు, నడిచే సాఫ్ట్‌వేర్ చూపించాలి. "విద్యార్థి పుస్తకం వెతకగలగాలి" లాంటి చిన్న స్టోరీని (వాడేవాళ్ల అవసరాన్ని ఒక్క వాక్యంలో చెప్పేది) స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా పూర్తి చేయించండి. వీలైతే మీ లైబ్రేరియన్ గారిని, ఏం కావాలో, ఏది ముందో చెప్పే ప్రొడక్ట్ ఓనర్‌గా ఉండమనండి. మార్కులు వేసేవాళ్లే ఓనరైతే పిల్లలు నోరు విప్పి ప్రశ్నలు అడగరు.

కమిట్ల (కోడ్ మార్పులను ఎన్నిసార్లు సేవ్ చేశారన్న) సంఖ్యకు మాత్రం మార్కులు పెట్టకండి, దయచేసి. స్ప్రింట్ చివర తమ పనితీరును సమీక్షించుకునే రెట్రోలో ఒప్పుకున్న ఒక్క మార్పును మరుసటి వారం చేసి చూపిస్తే, దానికి పెట్టండి.